తుంటి విరిగితే ఏ ఇంప్లాంటు? ఒడిశా సరిహద్దు జిల్లాల కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా పెరట్లోనో నూతి దగ్గరో జారిపడి లేవలేకపోతే, ఎక్స్‌రే చేతికి రాకముందే ఒక చర్చ మొదలవుతుంది. రాడ్డు వేయించాలా, ప్లేటు వేయించాలా, బాల్ మార్పించాలా, స్వదేశీదా, విదేశీదా, మొత్తం ఎంతవుతుంది అని బంధువులంతా మాట్లాడుకుంటారు. అడగవలసిన ప్రశ్నలే ఇవి, కాని ఈ వరుసలో అడగకూడదు. ఎముక సరిగ్గా ఏ చోట విరిగింది, ముక్కలు ఎంత పక్కకు జరిగాయి అన్నవి ముందుగా తేలాలి. ఆ తరువాత రోగి వయసు, ఎముక గట్టిదనం, పడకముందు ఆ మనిషి ఎలా నడిచేవారు అన్నవి చూడాలి. లోహం, కంపెనీ, ధర చివరన రావాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది. నిర్ణయం శస్త్రవైద్యుడిదే అయినా, దాని వెనుక కారణం తెలిసిన కుటుంబం సరైన ప్రశ్న అడగగలదు, అనవసరమైన ఖర్చును తప్పించుకోగలదు, అవసరమైన ఖర్చుకు వెనుకాడకుండా ఉండగలదు.

మొదటి అడుగు: ఎక్స్‌రే దాకా జాగ్రత్తలు

పడిన తరువాత కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటి వైపుకు తిరిగిపోయి, మడమ ఎత్తలేకపోతే తుంటి విరిగిందనే అనుకోవాలి. మాలిష్ చేయించకూడదు, కాలు లాగి సరిచేయించకూడదు, వెదురు బద్దలతో కట్టు వేయించకూడదు. చేతి ఎముకలకు కట్టు వైద్యుల దగ్గర కొన్నిసార్లు నయమవడం వల్ల తుంటికీ అదే దారి పడతారు. తొడ పైభాగంలోని కండరాలు ముక్కలను నిరంతరం పైకి లాగుతూ ఉంటాయి కనుక బయటి కట్టు వాటిని పట్టి ఉంచలేదు. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, కాళ్లను కలిపి మెత్తగా కట్టి, 108 వాహనంలో తీసుకువెళ్లాలి. ఈ నంబరు సరిహద్దుకు రెండు వైపులా పనిచేస్తుంది.

ఆసుపత్రిలో రెండు తుంట్లూ ఒకే ఫిల్ములో కనిపించేలా కటి భాగం ఎక్స్‌రే, విరిగిన తుంటికి పక్క నుంచి మరొక ఎక్స్‌రే తీయించాలి. రెండవ తుంటిని చూడకుండా అసలు కొలత తెలియదు. ముక్కలు నలిగినట్టు కనిపిస్తే కాలును కొద్దిగా లాగి లోపలికి తిప్పి తీసే ఎక్స్‌రే చాలా విషయాలు చెబుతుంది. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా రోగి కాలు మోపలేకపోతుంటే ఇంటికి పంపించేయడం పొరపాటు; ఎం.ఆర్.ఐ., అది దొరకకపోతే సి.టి. తీయించాలి.

రెండవ అడుగు: విరిగిన చోటును గుర్తించడం

తొడ ఎముక పైన గుండ్రని తల ఉంటుంది, దాని కింద సన్నని మెడ, మెడ మొదట్లో ట్రోకాంటర్లు అని పిలిచే రెండు బుడిపెలు, వాటి కింద ఎముక కాడ. తలకు రక్తం అందించే నాళాలు చాలా వరకు మెడ మొదలు నుంచి మెడనే అంటిపెట్టుకుని పైకి పాకుతాయి. అందువల్ల మెడ విరిగి ముక్కలు జరిగితే ఆ నాళాలు తెగిపోయి, తల ఎండిపోయే ప్రమాదం, అతుక్కోకపోయే ప్రమాదం రెండూ ఉంటాయి. ట్రోకాంటర్ల ప్రాంతంలో ఎముక వెడల్పుగా, రక్తప్రసారం పుష్కలంగా ఉంటుంది కనుక అక్కడి విరుపు అతుక్కోవడం సాధారణంగా సమస్య కాదు. వంకరగా అతుక్కోకుండా, ఇంప్లాంటు జారిపోకుండా చూడడమే అక్కడి పని. ఇంప్లాంటు ఎంపికలోని తేడాలన్నిటికీ మూలం ఈ ఒక్క విషయమే. కాబట్టి వైద్యుడిని మొదట అడగవలసింది: “మెడ విరిగిందా, ట్రోకాంటర్ దగ్గర విరిగిందా, దాని కింద విరిగిందా? ముక్కలు జరిగాయా?”

మూడవ అడుగు: మెడ విరిగితే

మెడ విరుపులను 1961లో గార్డెన్ అనే వైద్యుడు చేసిన విభజన ప్రకారం నాలుగు తరగతులుగా చూస్తారు; మొదటి రెండింటిలో ముక్కలు జరగవు, తరువాతి రెండింటిలో జరుగుతాయి. ముక్కలు జరగకపోతే రోగి వయసు ఎంతైనా సాధారణంగా స్క్రూలతో బిగించడమే మార్గం. మధ్యలో రంధ్రం ఉండే, సుమారు 6.5 నుంచి 7.3 మిల్లీమీటర్ల మందం గల మూడు స్క్రూలను తలకిందులైన త్రిభుజం ఆకారంలో, ఒకదానికొకటి సమాంతరంగా వేస్తారు. కింది స్క్రూ మెడ అడుగున ఉండే గట్టి ఎముకను ఆనుకుని ఉండాలి. ఖర్చు తక్కువ, కోత చిన్నది, రక్తస్రావం స్వల్పం.

ముక్కలు జరిగినప్పుడు వయసు మొత్తం లెక్కను మార్చేస్తుంది. అరవై లోపు ఆరోగ్యవంతుడు, ఉదాహరణకు మోటారు సైకిల్ మీద నుంచి పడిన నలభై ఏళ్ల మనిషి అయితే, అతని సొంత తలను కాపాడేందుకు చేయగలిగిందంతా చేయాలి. ఇక్కడ ఏ స్క్రూ వేశారు అన్నదాని కంటే ముక్కలను ఎంత కచ్చితంగా స్వస్థానంలో కూర్చారు అన్నది ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. బయటి నుంచి కుదరకపోతే తెరిచి కూర్చడానికి వెనుకాడకూడదు. విరుపు గీత నిలువుగా ఉంటే, అంటే పావెల్స్ కోణం 50 డిగ్రీలు దాటితే, ముక్కలను పక్కకు జార్చే బలాన్ని మూడు స్క్రూలు ఆపడం కష్టం. అప్పుడు జారే తుంటి స్క్రూ, అంటే మనవాళ్లు డి.హెచ్.ఎస్. అని పిలిచే ప్లేటు, దాని పైన తల తిరిగిపోకుండా మరొక స్క్రూ కలిపి వేయడం మేలు. 2017లో వెలువడిన ఫెయిత్ అనే పెద్ద అధ్యయనంలో మొత్తం మీద స్క్రూలకూ డి.హెచ్.ఎస్.కూ రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరం విషయంలో తేడా కనిపించలేదు. కాని పొగతాగేవారిలో, ముక్కలు జరిగినవారిలో, మెడ మొదట్లో విరిగినవారిలో డి.హెచ్.ఎస్. వైపు మొగ్గు కనిపించింది. చుట్ట, బీడీ అలవాటు మన ప్రాంతంలో ఎంత ఎక్కువో తెలిసిన వైద్యుడు ఈ ప్రశ్నను ముందే అడుగుతాడు.

వృద్ధులలో ముక్కలు జరిగిన మెడ విరుపును బిగించే ప్రయత్నం చాలాసార్లు రెండవ ఆపరేషన్‌కు దారితీస్తుంది. ఎనభై ఏళ్ల అవ్వకు రెండవసారి మత్తు ఇవ్వవలసి రావడమే పెద్ద ప్రమాదం. అందుకే విరిగిన తలను తీసివేసి లోహపు తలను పెడతారు. ఊళ్లో “బాల్ మార్చారు” అనేది దీనినే. ఇందులో మూడు నిర్ణయాలు ఉంటాయి.

మొదటిది, తల మాత్రమే మార్చాలా, కటి వైపు గిన్నెను కూడా మార్చాలా అన్నది. పడకముందు కర్ర సాయం లేకుండానో, ఒక్క కర్రతోనో బయట తిరిగిన, మతి నిలకడ బాగున్న, పెద్ద జబ్బులు లేని మనిషికి సంపూర్ణ తుంటి మార్పిడి ఆలోచించదగినది. గిన్నెలో ముందే అరుగుదల ఉన్నవారికీ అదే మంచిది. అయితే 2019లో ప్రచురితమైన హెల్త్ అధ్యయనంలో 1,495 మందిని పరిశీలించినప్పుడు, రెండేళ్లలో మళ్లీ శస్త్రచికిత్స అవసరం రెండు పద్ధతులలోనూ దాదాపు ఒకేలా ఉంది. సంపూర్ణ మార్పిడి వల్ల కలిగిన అదనపు మేలు స్వల్పమే. ఇంట్లో మాత్రమే తిరిగే, మతిమరుపు ఉన్న, గుండె బలహీనమైన వృద్ధులకు సగం మార్పిడే, అంటే తల మాత్రమే మార్చడమే, సరైనదని నా దృఢమైన అభిప్రాయం. ఖరీదైనదే మంచిదన్న ప్రేమతో పిల్లలు సంపూర్ణ మార్పిడి కోరడం చూస్తుంటాను. ఆ ప్రేమ సత్యమైనదే కాని, ఎక్కువసేపు సాగే ఆపరేషన్, తల గిన్నె నుంచి జారే అవకాశం ఆ తల్లి భరించవలసినవి.

రెండవది, సిమెంటుతోనా (ఇంప్లాంటును ఎముకలో పట్టి ఉంచే పదార్థం), సిమెంటు లేకుండానా అన్నది. 2022లో బ్రిటన్ నుంచి వెలువడిన వైట్-5 అధ్యయనంలో 60 ఏళ్లు దాటిన 1,225 మందిలో సిమెంటు వేసినవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. ఇంప్లాంటు కాడ, అంటే తొడ ఎముక గొట్టంలోకి దిగే లోహపు భాగం, చుట్టూ ఎముక మళ్లీ విరగడం సిమెంటు ఉన్నవారిలో 0.5 శాతం, లేనివారిలో 2.1 శాతం. గుల్లబారిన ఎముకలో సిమెంటు లేని కాడను బలంగా కొట్టి దింపినప్పుడు ఎముక చీలడం సహజం. సిమెంటు దింపేటప్పుడు రక్తపోటు హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ క్షణాన్ని మత్తు వైద్యుడికి ముందే చెప్పడం, ఎముక గొట్టాన్ని బాగా కడిగి ఆరబెట్టడం తప్పనిసరి. ఊపిరితిత్తుల, గుండె జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఈ తూకం మారవచ్చు. దాన్ని మత్తు వైద్యుడితో కలిసే తేల్చాలి.

మూడవది, ఏ నమూనా అన్నది. ఆస్టిన్ మూర్, థాంప్సన్ నమూనాలు 1950ల నాటివి, చవకైనవి; మన దేశంలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. బైపోలార్ అనే నమూనాలో తల లోపల మరో చిన్న తల తిరుగుతుంది. మంచం నుంచి కుర్చీకి మాత్రమే కదలగలిగే వృద్ధురాలికి పాత నమూనా సరిపోవచ్చు గాని, ఊళ్లో తిరిగే మనిషికి సిమెంటుతో నిలిచే, దీర్ఘకాలం పరీక్షకు నిలబడిన కాడను ఎంచుకోవాలి. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు కూడా ఆస్టిన్ మూర్, థాంప్సన్‌లకు బదులు అటువంటి కాడనే సూచిస్తున్నాయి. తల సైజును తీసిన తలను కొలిచి నిర్ణయిస్తారు. పెద్దదైతే గిన్నె అంచున బిగుసుకుంటుంది, చిన్నదైతే గిన్నె అడుగును అరగదీస్తుంది. ఈ ప్రాంతపు స్త్రీలకు చిన్న సైజులు కావలసి రావచ్చు కనుక అవి ఇంప్లాంట్ల సెట్టులో ఉన్నాయో లేదో ముందు రోజే చూడాలి.

నాలుగవ అడుగు: ట్రోకాంటర్ దగ్గర విరిగితే

ఇక్కడ అసలు పోటీ డి.హెచ్.ఎస్.కూ, ఎముక లోపలికి దింపే పి.ఎఫ్.ఎన్. రాడ్డుకూ మధ్య. రెండు ముక్కలుగా మాత్రమే విరిగి, లోపలి వైపు ఎముక ఆసరా నిలిచి ఉండి, తొడ ఎముక బయటి వైపు గోడ మందంగా ఉంటే డి.హెచ్.ఎస్. చక్కగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ. సాధారణంగా 135 డిగ్రీల కోణం గల ఈ ప్లేటులో స్క్రూ వెనక్కి జారుతూ ముక్కలను ఒకదాని మీద ఒకటి నొక్కుతుంది; రోగి నడిచే కొద్దీ విరుపు బిగుస్తుంది.

అయితే ఆ జారుడును ఆపేది బయటి గోడే. ఎక్స్‌రేలో ఆ గోడ మందం 20.5 మిల్లీమీటర్లకు తక్కువగా ఉంటే, స్క్రూ కోసం రంధ్రం చేసినప్పుడే అది చిట్లిపోయే అవకాశం ఉందని గుర్తించారు. గోడ చిట్లితే తల బయటి వైపుకు జారుకుంటూ పోతుంది, కాలు పొట్టి అవుతుంది. లోపలి ఆసరా పోయి చాలా ముక్కలైనప్పుడు, గోడ పలుచగా ఉన్నప్పుడు పి.ఎఫ్.ఎన్. మేలు. విరుపు గీత మామూలుకు భిన్నంగా లోపలి పైనుంచి బయటి కిందికి వాలితే, ట్రోకాంటర్ల కింద కాడలోకి దిగితే డి.హెచ్.ఎస్. వాడకూడదు; అక్కడ రాడ్డే వాడాలి, కాడలోకి దిగిన విరుపుకు పొడవైన రాడ్డు కావాలి. ఒక్క మాటలో అడగాలంటే వైద్యుడిని ఇలా అడగండి: “బయటి గోడ నిలిచి ఉందా?” ఆయన ఎక్స్‌రే పైకెత్తి ఆ చోటు చూపిస్తే సగం సందేహాలు తీరుతాయి.

రాడ్డులలోనూ తేడాలున్నాయి. తలలోకి రెండు స్క్రూలు వెళ్లే పాత పి.ఎఫ్.ఎన్.లో ఒకటి లోపలికి, మరొకటి బయటికి కదిలి తలను చీల్చే ప్రమాదాన్ని జెడ్ ఎఫెక్ట్ అంటారు. అంతేకాక సన్నని మెడ గల మన స్త్రీలలో రెండు స్క్రూలకు చోటు చాలదు. మెలి తిరిగిన ఒకే బ్లేడు ఉండే నమూనాలో బ్లేడు గుల్ల ఎముకను తవ్వకుండా నొక్కుతూ లోపలికి పోతుంది కనుక వృద్ధులలో పట్టు బాగుంటుంది. ఆసియావాసుల ఎముకల కొలతలకు తగ్గట్టు మార్చిన రకమూ దొరుకుతుంది. పొడవైన రాడ్డు వేసేటప్పుడు తొడ ఎముక సహజంగా ముందుకు వంగి ఉంటుందని మరువకూడదు. వంపు కుదరని రాడ్డు మోకాలి పైన ఎముక ముందు గోడను తాకుతుంది.

ఏ నమూనా అయినా ప్రధాన స్క్రూ తలలో ఎక్కడ నిలిచింది అన్నదే జయాపజయాలను తేలుస్తుంది. స్క్రూ మొన నుంచి తల శిఖరం దాకా గల దూరాన్ని ఎదుటి ఎక్స్‌రేలోనూ పక్క ఎక్స్‌రేలోనూ కొలిచి కూడితే ఆ మొత్తం 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. 1995లో బౌమ్‌గార్ట్‌నర్ బృందం ఈ కొలతను ప్రకటించినప్పుడు, ఆ హద్దు లోపు ఉన్న ఏ స్క్రూ కూడా తలను చీల్చుకుని బయటకు రాలేదు. సరైన చోట నిలిచిన చవకైన డి.హెచ్.ఎస్., తప్పు చోట నిలిచిన ఖరీదైన రాడ్డు కంటే రోగికి ఎంతో మేలు చేస్తుంది. ఇది కుటుంబాలు గట్టిగా గుర్తుంచుకోవాలని కోరుకుంటాను.

ఐదవ అడుగు: ఈ నేల మీది జబ్బులు

ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో అందరికీ తెలిసినదే. కిడ్నీలు చెడినవారి ఎముకలో కాల్షియం, ఫాస్ఫరస్ సమతౌల్యం తప్పి, అది చిన్న దెబ్బకే విరుగుతుంది, విరిగినది అతుక్కోవడం కష్టమవుతుంది. డయాలిసిస్ మీద ఉన్న మనిషికి మెడ విరిగి ముక్కలు జరిగితే, వయసు కొంత తక్కువైనా స్క్రూలకంటే తల మార్పిడి వైపే నా మొగ్గు. డయాలిసిస్ ఏ రోజున చేయాలి, రక్తం పలుచన చేసే మందు మోతాదు ఎంత, ఏ నొప్పి మాత్రలు వాడకూడదు అన్నవి కిడ్నీ వైద్యుడితో కలిసి ముందే రాసుకోవాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను ఈ రోగులకు దూరంగా ఉంచాలి.

కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల ఆదివాసీ గ్రామాలలో సికిల్ సెల్ జబ్బు తరచుగా కనిపిస్తుంది. తుంటి తల ముందే ఎండిపోయి ఉండవచ్చు, ఎముక గొట్టం లోపల గట్టిపడి పూడుకుపోయి ఉండవచ్చు. అటువంటి చోట మామూలు సైజు కాడనో రాడ్డునో బలవంతంగా దింపితే ఎముక చీలుతుంది. అందువల్ల యువకుడికి తుంటి నొప్పి చాలాకాలంగా ఉందని తెలిస్తే సికిల్ పరీక్ష చేయించి, సన్నని సైజులు తెప్పించి, ఆపరేషన్‌కు ముందు నీరు, ఆక్సిజన్, వెచ్చదనం తగ్గకుండా చూసుకోవాలి.

కట్టు వైద్యం తరువాత వారాలు గడిచి వచ్చేవారి సంగతి వేరు. మూడు వారాలు దాటిన మెడ విరుపులో యువకుడికి ఎం.ఆర్.ఐ. ద్వారా తల బతికి ఉందో లేదో చూసి, ఎముక కోణం మార్చే ఆపరేషన్ గాని, కాలి నుంచి తీసిన పిల్ల ఎముకతో (ఫిబ్యులా) అతికించే పద్ధతి గాని ఆలోచిస్తారు. వృద్ధులకు మార్పిడే మిగులుతుంది. పడకుండానే విరిగితే క్యాన్సర్ అనుమానం, ఏళ్ల తరబడి ఎముక బలానికి బిస్ఫాస్ఫొనేట్ మాత్రలు వాడుతుంటే తొడ ఎముక కాడ విరుపు అనుమానం రావాలి. ఆ రెండింటికీ తరచుగా పొడవైన రాడ్డు అవసరమవుతుంది, రెండవ కాలికి కూడా ఎక్స్‌రే కావాలి.

ఆరవ అడుగు: ఆసుపత్రి, లోహం, ధర

బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కులు. పేరున్న ఇంప్లాంటు కోసం దూరపు నగరానికి పోయి నాలుగైదు రోజులు పోగొట్టుకోవడం కంటే, దగ్గరలోనే 36 నుంచి 48 గంటల లోపు ఆపరేషన్ జరగడం వృద్ధులకు శ్రేయస్కరం. మంచాన ఉన్న ప్రతి రోజూ పుండ్లు, న్యుమోనియా, రక్తం గడ్డలు పొంచి ఉంటాయి. సి-ఆర్మ్ యంత్రం (ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపేది), మత్తు వైద్యుడు, రక్తం అందుబాటు, పూర్తి సెట్టు ఉన్నాయా అన్నవే అడగవలసినవి.

లోహం విషయంలో 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు, టైటానియం మిశ్రమం రెండూ పనికివస్తాయి. టైటానియం తేలిక, ఎం.ఆర్.ఐ.లో చిత్రాన్ని తక్కువ చెడగొడుతుంది; వృద్ధుల డి.హెచ్.ఎస్.కు స్టీలు చాలు. ప్లేటు ఒక లోహం, స్క్రూలు మరొక లోహం కాకూడదు, తుప్పు పడుతుంది. ఒక కంపెనీ రాడ్డుకు మరో కంపెనీ స్క్రూలు వేయకూడదు. 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించినది మోకాలి ఇంప్లాంట్లకు. దాన్ని చూసి తుంటి ధర కూడా అంతే అనుకోవద్దు. అంచనా చీటీలో ఇంప్లాంటు పేరు, లోహం, ధర విడిగా రాయమని అడగండి. ఆయుష్మాన్ భారత్ కార్డు ఇతర రాష్ట్రాల్లోని జాబితా ఆసుపత్రులలోనూ చెల్లుతుంది, 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ పథకాన్ని వర్తింపజేసింది; ఒడిశా ఆ పథకంలో చేరినది 2025లో. సరిహద్దు దాటే ముందు ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, ప్యాకేజీలో ఏ ఇంప్లాంటు వస్తుందో ఫోన్‌లో కనుక్కోండి.

ఏడవ అడుగు: ఆపరేషన్ తరువాత

ఇంప్లాంటు పెట్టెలోని స్టిక్కర్లను కేస్ షీటులోనే కాక డిశ్చార్జి కాగితం మీద కూడా అతికించమని అడగండి. కంపెనీ, సైజు, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. ఎప్పుడైనా తీయవలసి వచ్చినా, కంపెనీ ఆ సరుకును వెనక్కి పిలిచినా అవే ఆధారం. ఆపరేషన్ తరువాతి ఎక్స్‌రేను ఫోన్‌లో ఫొటో తీసుకుని దాచుకోండి.

మరుసటి రోజే వాకర్‌తో నిలబెట్టాలి, వృద్ధులలో సాధారణంగా పూర్తి బరువు మోపనివ్వాలి. బరువు మోపవద్దని చెబితే కారణం అడగండి. తల మార్పించుకున్నవారు వెనుక వైపు నుంచి ఆపరేషన్ జరిగి ఉంటే, నేల మీద బాసింపట్టు వేసి భోజనం, గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేయడం మానాలి. మరుగుదొడ్డిలో కమోడు కుర్చీ పెట్టించడం ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే పూర్తికావాలి. స్క్రూలు, రాడ్డు వేసినవారికి ఆరు వారాలకు, మూడు నెలలకు ఎక్స్‌రే కావాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, కాలు పొట్టి అవుతున్నట్టు అనిపించినా తేదీ కోసం ఆగవద్దు. వృద్ధులలో అతికిన తరువాత ఇంప్లాంటు తీయించనవసరం లేదు.

ఒక తుంటి విరిగినవారి ఎముక గుల్లబారిందని తేలినట్టే కనుక రెండవ తుంటి కోసం చికిత్స ఇప్పుడే మొదలుపెట్టాలి. విటమిన్ డి, కాల్షియం సరిచేసిన తరువాత ఏడాదికి ఒకసారి 5 మిల్లీగ్రాముల జోలెడ్రానిక్ ఆసిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. తుంటి విరిగి ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు దీన్ని మొదలుపెట్టినవారి మీద 2007లో ప్రచురితమైన పరిశోధనలో కొత్త విరుపులు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. కిడ్నీల వడపోత శక్తిని తెలిపే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తక్కువ ఉన్నవారికి ఇది ఇవ్వకూడదు. ఉద్దానం వైపు నుంచి వచ్చే రోగికి ఆ పరీక్ష చేయకుండా ఈ ఇంజెక్షన్ ఎక్కించనివ్వకండి. డిశ్చార్జి రోజున ఈ ఇంజెక్షన్ తేదీ, తరువాతి ఎక్స్‌రే తేదీ, ఫిజియోథెరపీ ఎక్కడ దొరుకుతుందో ఒకే కాగితం మీద తెలుగులో రాయించుకుని, స్టిక్కర్లతో పాటు కవరులో పెట్టి, రోగితో ఎప్పుడూ ఉండే మనిషి చేతికి ఇవ్వండి.